దత్తత తెచ్చుకున్న కుక్కకి పేరు మార్చాలా? కాగితాల్లో ఇప్పటికే ఒక పేరుంటే ఏం చేయాలి

కాస్త పెద్దయిన కుక్కని దత్తత తెచ్చుకుంటే దాని వెనకాలే ఒక ఫైలు కూడా ఇంటికొస్తుంది. టీకాల పుస్తకం, మైక్రోచిప్ (గుర్తింపు కోసం చర్మం కింద పెట్టే చిన్న చిప్) కాగితం, జాతి కుక్కయితే కెన్నెల్ క్లబ్ (జాతి కుక్కల్ని నమోదు చేసే సంస్థ) సర్టిఫికెట్. వాటి మీదున్న పేరు మీకు నచ్చకపోవచ్చు, నోరు తిరగకపోవచ్చు, లేదా అచ్చంగా మీ మామగారి పేరే అయి ఉండొచ్చు (నవ్వకండి, జరుగుతుంది). ఇక అక్కణ్ణుంచి టెన్షన్ మొదలు. మార్చొచ్చా? మారిస్తే పాపం కుక్క కంగారుపడుతుందా? కాగితాలు చెల్లకుండా పోతాయా?

మార్చొచ్చు. ఏ వయసు కుక్కయినా కొత్త పేరు నేర్చుకుంటుంది, కాగితాలకీ ఏమీ కాదు. కాకపోతే ఇక్కడ రెండు వేర్వేరు పనులున్నాయి: ఒకటి కుక్కతో, ఇంకొకటి ఫైలుతో. చాలామంది ఈ రెండూ కలిపేసుకుని, సర్టిఫికెట్‌లో పేరు మార్పించడానికి క్లబ్ చుట్టూ తిరుగుతూ ఉంటారు, ఇంట్లో కుక్కేమో ఏ పేరుతో పిలిచినా పలకదు. కాబట్టి ఒక్కొక్కటిగా చూద్దాం.

1. కాగితాల్లో ఉన్నది అసలు ఏ పేరో చూడండి

మనలో ఇంటిపేరుతో సహా సర్టిఫికెట్‌లో బారెడు పేరుండి ఇంట్లో మాత్రం చిన్నా, బుజ్జీ అని పిలిపించుకునేవాళ్లు ఎంతమంది లేరు! జాతి కుక్కలదీ అదే లెక్క. రిజిస్టర్ అయిన పేరు పొడుగ్గా ఉంటుంది, ముందో వెనకో దాన్ని పుట్టించిన బ్రీడర్ కెన్నెల్ పేరు తగిలించి ఉంటుంది, పోటీల్లో గెలిచిన కుక్కయితే చాంపియన్ లాంటి బిరుదులు కూడా చేరతాయి. అమెరికన్ కెన్నెల్ క్లబ్ ఖాళీలతో కలిపి 50 అక్షరాల దాకా ఒప్పుకుంటుంది. ఒకే జాతిలో ఒకే పేరుని 37 కుక్కలకి ఇస్తుంది కూడా, అందుకే కొన్ని పేర్ల చివర రోమన్ అంకెలు కనిపిస్తాయి. మీ కుక్క పేరు చివర అలాంటి అంకె ఉంటే అది రాజవంశం అనుకోకండి, అదే పేరుతో ముందు ఇంకొన్ని కుక్కలు నమోదయ్యాయి, అంతే.

ఈ పొడుగు పేరుని చాలా కుక్కలు జీవితంలో ఒక్కసారి కూడా విని ఉండవు. ఇంట్లో దాన్ని పిలిచే పేరు వేరే ఉంటుంది, అది ఏ రిజిస్టర్‌లోనూ ఉండాల్సిన పని లేదు, దాన్ని మార్చడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. అంటే మీరు నిజంగా మార్చబోతున్నది ఈ పిలుపు పేరునే.

అందుకే ఇచ్చేవాళ్లని అడగాల్సిన మొదటి ప్రశ్న "దీన్ని ఇంట్లో ఏమని పిలిచేవారు?" అని. దాంతోపాటు ఎవరు పిలిచేవారు, తిట్టేటప్పుడు కూడా అదే పేరుతో తిట్టేవారా, "రా", "కూర్చో", "వద్దు" లాంటివి ఏ భాషలో చెప్పేవారు, ఇవన్నీ అడిగి రాసుకోండి. అవతలివాళ్లు కొంచెం మొహమాటపడతారు, అయినా వదలకండి, ఈ సమాచారం తర్వాత ఎక్కడా దొరకదు.

షెల్టర్ నుంచి తెచ్చుకున్న కుక్క సంగతి వేరు. రోడ్డు మీద దొరికిన కుక్క అక్కడికి చేరినప్పుడు, ఫైలు తెరవాలి కాబట్టి ఎవరో ఒకరు ఏదో ఒక పేరు రాసేస్తారు. అక్కడ పది మంది వస్తూపోతూ ఉంటారు, తలొకరూ తలో రకంగా పిలుస్తారు. అలాంటి పేరుతో దానికి పెద్ద అనుబంధం ఏమీ ఉండకపోవచ్చు.

దానికి ఆ పేరు తెలుసో లేదో మీరే కనిపెట్టొచ్చు. కుక్క ఇంకెటో చూస్తూ తీరిగ్గా ఉన్నప్పుడు, కదలకుండా, చేతిలో ఏమీ పెట్టుకోకుండా, మామూలు గొంతుతో సంబంధం లేని ఒక మాట అనండి. కుర్చీ, గొడుగు, ఏదైనా సరే. కాసేపాగి అదే గొంతుతో పాత పేరు అనండి. ఒక చెవి మీ వైపు తిరగడం, తోక కొస కదలడం, వాసన చూస్తున్నది ఒక్క క్షణం ఆపడం, ఇలాంటి చిన్న చిన్న వాటి కోసం చూడండి. రెండు మాటలకీ ఒకేలా చూసిందంటే అది మీ గొంతుకి చూసింది, పేరుకి కాదు. చాలామంది ముద్దుగా, గొంతు పెంచి పిలిచి "చూడండి, పేరు తెలుసు" అంటారు. ఆ గొంతుతో "గొడుగూ" అని పిలిచినా వస్తుంది మరి.

2. మార్చాల్సిన అవసరం ఉందా?

నచ్చలేదు అన్నది కూడా కారణమే, దానికి సంజాయిషీ ఏమీ ఇచ్చుకోనక్కర్లేదు, ఇంకో పదేళ్లు పిలవాల్సింది మీరే. అయితే ఒక్క సందర్భంలో మాత్రం మార్చి తీరాలంటాను: పాత పేరు వినగానే కుక్క చెవులు వెనక్కి వాల్చి, తోక ముడిచి, నేలకి అంటుకుపోతుంటే. ఆ పేరు వెనక ఎప్పుడూ తిట్లో దెబ్బలో వచ్చాయన్నమాట. దాన్ని బాగుచేయడం కంటే కొత్త పేరు మొదలుపెట్టడం చాలా సులువు.

పేరుకి హుషారుగా పలుకుతున్న కుక్క, బాగా ముసలిది, వినికిడి తగ్గుతున్నది అయితే ఉన్న పేరే ఉంచేయమని నా సలహా. మీకు కొన్నాళ్లు వింతగా ఉంటుంది, తర్వాత అలవాటైపోతుంది. యజమాని తిరిగి తీసుకెళ్లే అవకాశం ఉండి మీరు తాత్కాలికంగా చూసుకుంటున్నా అంతే, ముట్టుకోకండి.

ఎప్పుడు మొదలుపెట్టాలి అంటే, నా లెక్కలో వచ్చిన మొదటి రోజు నుంచే. ఎలాగూ ఇల్లు కొత్త, మనుషులు కొత్త, వాసనలు కొత్త, పేరు కూడా వాటితోపాటే కొత్తగా వచ్చేస్తుంది. కానీ మంచం కింద దూరి బయటికి రాని కుక్క దగ్గర కూర్చుని పాఠాలు మొదలుపెట్టకండి, అది ముందు తిని పడుకోవాలి.

3. పేరు ఎంచుకోవడం

చిన్నగా ఉండాలి, రెండు మూడు అక్షరాలు చాలు. మన నోటికి పిలిచేటప్పుడు చివరి అచ్చుని సాగదీయడం అలవాటు కాబట్టి రాకీ, మోతీ, జూలీ లాంటివి దూరం నుంచి కేక వేయడానికి బాగుంటాయి. మీకు బారెడు పేరు మీద మోజుంటే పెట్టుకోండి, కానీ దాని పొట్టి రూపం కూడా ఇప్పుడే నిర్ణయించుకోండి. లేకపోతే ఇంట్లో ఎవరికి తోచినట్టు వాళ్లు కత్తిరిస్తారు.

తర్వాత మీరు వాడే ఆజ్ఞలతో కలుస్తుందేమో చూసుకోండి. "నో" అని అలవాటుగా అనే ఇంట్లో నోవా, నోరా వద్దు. "సిట్" అనేవాళ్లకి సితార కష్టం, "కమ్" అనేవాళ్లకి కమల్ కష్టం. ఇది ఊరికే చాదస్తం కాదు. 2020లో హంగేరీ పరిశోధకులు పెంపుడు కుక్కల తలకి ఎలక్ట్రోడ్లు అంటించి, వాటికి తెలిసిన మాటల్నీ, వాటిలోనే ఒక్క శబ్దం మార్చిన అర్థం లేని మాటల్నీ వినిపించారు. పూర్తిగా వేరుగా ఉన్న మాటల్ని కుక్కల మెదడు తేడాగా గుర్తించింది, ఒక్క శబ్దం మారిన వాటిని మాత్రం తెలిసిన మాటల్లాగే తీసుకుంది. అంటే మనకి స్పష్టంగా వేరనిపించే రెండు మాటలు దానికి ఒకటే కావచ్చు. ఇంట్లో ఇప్పటికే హనీ అని ఒక కుక్క ఉంటే కొత్తదానికి బన్నీ అని పెట్టకండి, ఒకదాన్ని పిలిస్తే రెండూ వస్తాయి, ట్రీటు ఒకటే ఉంటుంది, ఆ తర్వాత జరిగేది మీకు తెలుసు.

ఇదే విషయం మీకు లాభం కూడా. పాత పేరుతో దానికి మంచి అనుభవాలే ఉంటే, దానికి దగ్గరగా వినిపించే కొత్త పేరు పెట్టండి. రాకీని లక్కీ చేయొచ్చు, టామీని సామీ చేయొచ్చు. పని సగం అయిపోయినట్టే. పాత పేరు చేదుగా ఉన్న కుక్కకి మాత్రం దీనికి సరిగ్గా తలకిందులు చేయాలి, మొదటి శబ్దం నుంచి అచ్చుల దాకా అన్నీ దూరంగా ఉండాలి.

ఖాయం చేసే ముందు ఒకసారి గట్టిగా కేక వేసి చూడండి. వాకిట్లో నిలబడి నలుగురిలో ఆ పేరు అరవగలరా? కొన్ని పేర్లు ఫోన్‌లో టైప్ చేసినప్పుడు బ్రహ్మాండంగా ఉంటాయి, నోటితో అరిచేసరికి పక్కింటివాళ్లు కిటికీ తెరుస్తారు.

ఇంకొకటి, ఇది అన్నిటికంటే ముఖ్యం: ఇంట్లో అందరూ ఒకే మాట మీద ఉండాలి. అమ్మ కన్నా అంటుంది, పిల్లలు బుజ్జిగాడు అంటారు, నాన్న పాత పేరే పట్టుకుని వేలాడతారు, మీరు కొత్త పేరు నేర్పుతూ ఉంటారు. పైగా కన్నా, చిన్నా, బుజ్జీ అనేవి పిల్లల్నీ అనే మాటలే, రోజుకి వందసార్లు వినిపిస్తాయి, వాటిలో ఏది తనదో కుక్కకెలా తెలుస్తుంది? కొత్త పేరు కుదిరేదాకా ముద్దుపేర్లన్నీ బంద్. తర్వాత మీ ఇష్టం.

4. నేర్పించడం

చికెన్ ఉప్పూ కారం లేకుండా ఉడికించి బఠాణీ గింజంత ముక్కలు చేసుకోండి. టీవీ ఆపండి. కుక్క మీ దగ్గర ఉన్నప్పుడు కొత్త పేరు ఒక్కసారి, సరదా గొంతుతో అనండి, అన్న వెంటనే ముక్క నోటికి అందించండి. అది మీ వైపు చూసిందా లేదా అని ఈ దశలో ఎదురుచూడకండి. పేరు, ముక్క. పేరు, ముక్క. ఐదారు సార్లు చేసి ఆపేయండి. రోజులో మూడు నాలుగు సార్లు, ఒక్కోసారి ఒకటి రెండు నిమిషాలకి మించకుండా. ఆ చప్పుడు వినిపిస్తే మంచిదేదో వస్తుందని దానికి అర్థం కావాలి, ప్రస్తుతానికి అంతే.

చేసేటప్పుడు పేరు ముందు, చెయ్యి తర్వాత కదలాలి. పేరు అంటూనే చెయ్యి జేబులో పెట్టారనుకోండి, కుక్క జేబుని చదవడం నేర్చుకుంటుంది, పేరుని కాదు. చేతులు పక్కన పెట్టుకుని నిలబడి, పేరు మొత్తం అనేసి, అప్పుడు జేబులోకి పోనివ్వండి.

తర్వాత అది ఇంకెటో చూస్తున్నప్పుడు పేరు అనండి. తల గిర్రున తిప్పి "ఏదీ?" అన్నట్టు చూసిందా, ఇక దారిలో పడినట్టే. అక్కణ్ణుంచి దూరం పెంచండి, పక్క గదిలోంచి పిలవండి, ఇంట్లో మిగతావాళ్లతో పిలిపించండి, ఆ తర్వాత బయట చైన్ మీద ఉన్నప్పుడు. బయటికెళ్లగానే అన్నీ మర్చిపోయినట్టు ప్రవర్తిస్తుంది, అది మామూలే, మళ్లీ దగ్గర నుంచి మొదలుపెట్టండి. బాగా కుదిరాక చప్పుళ్లు కూడా అడ్డం కావు. 2019లో మేరీల్యాండ్ విశ్వవిద్యాలయం పరిశోధనలో, వెనక మనుషుల మాటలు పేరుతో సమానమైన గట్టిదనంతో వినిపిస్తున్నా కుక్కలు తమ పేరుని గుర్తుపట్టాయి. చుట్టాలతో నిండిన ఇంట్లో కూడా మీ పిలుపు దానికి అందుతుందన్నమాట.

పాత పేరు దానికి బాగా తెలుసు, దానిమీద చేదు కూడా లేదు అంటే దాన్నే వంతెనగా వాడుకోండి. ఇక్కడ వరస ముఖ్యం, చాలామంది తలకిందులు చేస్తారు. ముందు కొత్త పేరు, ఒక్క క్షణం ఆగి పాత పేరు, అప్పుడు ముక్క: "లక్కీ... రాకీ", ముక్క. కొత్త పేరు వినగానే తర్వాత ఏం రాబోతోందో దానికి తెలిసిపోయి, పాత పేరు దాకా ఆగకుండానే తిరుగుతుంది. అలా తిరగడం మొదలెట్టాక పాత పేరు అనడం తగ్గించేయండి. పాతది ముందు అంటే మాత్రం అది దానికే తిరిగేసి, కొత్తదాన్ని వినాల్సిన అవసరమే లేదనుకుంటుంది. రెండూ కలిపి గబగబా ఒకే ముక్కగా అన్నా లాభం లేదు, అదో మూడో పేరు అవుతుంది.

కుక్క బుర్రలో ఇంకో పేరుకి చోటుంటుందా అని అనుమానపడేవాళ్లకి: చేసర్ అనే బోర్డర్ కోలీ ఆడకుక్క వెయ్యికి పైగా బొమ్మల పేర్లు నేర్చుకుంది, మూడేళ్ల శిక్షణలో, ఆ వివరాలు 2011లో అచ్చయ్యాయి. మీ కుక్క చేసర్ కానక్కర్లేదు, మీరు నేర్పేది ఒక్క మాటే.

ఎన్నాళ్లు పడుతుందంటే కొన్ని కుక్కలు రెండు మూడు రోజుల్లో పట్టేస్తాయి, కొన్నిటికి వారాలు పడుతుంది. భయపడిన కుక్కకి ఇంకా ఎక్కువే.

ఈ కాలంలో చేయకూడనివి నాలుగు ముక్కల్లో చెప్తాను. కొత్త పేరుతో తిట్టకండి, "వద్దు" అంటే చాలు, పేరు కలపక్కర్లేదు. స్నానానికీ, గోళ్లు కత్తిరించడానికీ, మందు పోయడానికీ పేరు పెట్టి పిలవకండి, మీరే లేచి దాని దగ్గరికెళ్లండి. పలకకపోతే "లక్కీ, లక్కీ, లక్కీ, ఒరేయ్ లక్కీ" అని జపం చేయకండి, నాలుగోసారికి పలికితే చాలని అది నేర్చుకుంటుంది. ఇంకా, పేరు అంటే "రా" అని అర్థం కాదు, పేరు అంటే "ఇటు చూడు", రమ్మనడానికి వేరే మాట వాడండి.

చెయ్యి చాస్తేనే బెదిరే కుక్కయితే ముక్కని నోటికి అందించొద్దు. పేరు అని, ముక్కని దానికి అవతలి పక్కగా నేల మీద వేయండి. మీ వైపు రావాల్సిన అవసరం లేకుండా తినగలిగితే పేరు మీద నమ్మకం త్వరగా కుదురుతుంది. ఎన్ని చేసినా ఏ చప్పుడుకీ తిరగడం లేదంటే, నిద్రపోతున్నప్పుడు కూడా చెవి కదలడం లేదంటే, వెట్‌కి (పశువుల డాక్టర్‌కి) చూపించండి, వినికిడి లోపం ఉండొచ్చు. చెవుడు ఉన్న కుక్కకి చేతి సైగే పేరు. పద్ధతి అంతా ఇదే, చప్పుడు బదులు సైగ.

5. కాగితాల పని

రిజిస్టర్ పేరు జోలికి వెళ్లకండి, ఇది నా గట్టి అభిప్రాయం. ఆ పేరు దాని తల్లిదండ్రుల పేర్లతో, పుట్టిన తేదీతో, బ్రీడర్‌తో ముడిపడి ఉంటుంది, మార్చడానికి క్లబ్‌ని బట్టి రకరకాల షరతులుంటాయి. పేరు పెట్టినవాళ్ల సమ్మతి అడగొచ్చు, పోటీల ఫలితాలో పిల్లలో రికార్డుకెక్కిన కుక్కకైతే అసలు కుదరకపోవచ్చు. ఇంట్లో లక్కీ అని పిలుచుకోవడానికి ఇదంతా దేనికి? మీరు చేయించాల్సింది యాజమాన్య మార్పిడి, అది పేరు మార్పు కాదు, దాని దరఖాస్తు వేరు. పాత యజమాని సంతకం కావాల్సి ఉంటుంది కాబట్టి కుక్కని తీసుకునే రోజే ఆ సంతకం పెట్టించుకోండి, తర్వాత ఫోన్లు ఎత్తరు.

మైక్రోచిప్ గురించి చాలామందికి ఒక అపోహ, అందులో కుక్క పేరు ఉంటుందని. ఉండదు. బియ్యపు గింజంత ఆ చిప్‌లో ఉండేది ఒక నంబరు మాత్రమే, అంతర్జాతీయ ప్రమాణం ప్రకారమైతే 15 అంకెలు. బ్యాటరీ లేదు, జీపీఎస్ లేదు. పేరు, ఫోన్ నంబరు, చిరునామా అన్నీ చిప్ నమోదు చేసిన సంస్థ డేటాబేస్‌లో ఉంటాయి. అందుకని మీరు చేయాల్సిందల్లా ఆ సంస్థతో రికార్డు మీ పేరు మీదకి మార్పించడం. కుక్క కొత్త పేరు ఎక్కించడం రెండు రోజులు ఆలస్యమైనా కొంపేమీ మునగదు, కానీ అక్కడ పాత యజమాని ఫోన్ నంబరే ఉండిపోతే కుక్క తప్పిపోయిన రోజు ఎవరో దొరికించుకుని స్కాన్ చేస్తారు, ఫోన్ ఆయనకి వెళుతుంది, ఆయన "మా దగ్గర లేదండీ" అంటాడు. మొదటిసారి వెట్ దగ్గరికి వెళ్లినప్పుడు చిప్ స్కాన్ చేయించి, వచ్చిన నంబరుని కాగితంలోదాంతో అంకె అంకె సరిచూసుకోండి.

వెట్ దగ్గర ఫైలు కొత్త పేరుతో తెరిపించండి, కానీ పక్కన "పాత పేరు: ఫలానా" అని, చిప్ నంబరు, రిజిస్టర్ పేరు కూడా రాయించండి. పాత టీకాల పుస్తకంలో మీరే పెన్నుతో పేరు కొట్టేసి రాయొద్దు. అధికారిక పత్రం మీద దిద్దుబాటు కనిపిస్తే లేనిపోని ప్రశ్నలు వస్తాయి. డాక్టర్‌తోనే సంతకం, ముద్రతో రాయించండి. బీమా ఉంటే అక్కడా, స్థానిక లైసెన్స్ ఉంటే అక్కడా ఇదే. కుక్కతో విమానం ఎక్కే ఆలోచన ఉంటే ప్రయాణానికి చాలా ముందే అన్ని కాగితాల్లో పేరు, చిప్ నంబరు ఒకేలా ఉన్నాయో లేదో చూసుకోండి, కౌంటర్ దగ్గర నిలబడి ఇది అదే కుక్కని నిరూపించడం అంత సులువు కాదు.

మెడ బెల్టుకి బిళ్ల చేయిస్తే ఫోన్ నంబరు పెద్దగా, పేరు చిన్నగా. కొంతమంది పేరు అసలు వేయించరు, ముక్కూమొహం తెలియనివాళ్లు పేరు పెట్టి పిలుచుకుపోతారేమోనని. అది మీ ఇష్టం, నంబరు మాత్రం తప్పనిసరి.

పాత పేరుని పూర్తిగా పాతిపెట్టాల్సిన పని కూడా లేదు. చేదు జ్ఞాపకం కాకపోతే ఇంట్లో అందరికీ అది గుర్తుండేలా చూడండి. తలుపు తెరుచుకుని రోడ్డు మీదకి పరిగెత్తిన కుక్క, అందులోనూ మీ ఇంటికి వచ్చి నెల కూడా కానిది, కంగారులో కొత్త పేరుకి పలక్కపోవచ్చు. అప్పుడు రెండు పేర్లతోనూ పిలవండి, వెతకడానికి వెళ్లే ప్రతి ఒక్కరికీ రెండూ చెప్పండి, తప్పిపోయిందని పెట్టే ఫోటో కింద కూడా రెండూ రాయండి.